సుశ్రుతాచార్యుడు - జలోదర చికిత్సలో ఆయన చూపిన మార్గం

భారతీయ వైద్యచరిత్రలో శల్యతంత్రానికి ఆచార్యస్థానం సుశ్రుతునిది. ఆయన పేరు వినగానే తెగిన ముక్కును తిరిగి అతికించిన విధానం, కంటిలోని పొరను తొలగించిన నేర్పు మనకు స్ఫురిస్తాయి. ఆ రెండింటిని గూర్చి పరిశోధకులు విస్తారంగా వ్రాసినారు. కాని ఆయన వైద్యదృష్టి ఎంత లోతైనదో, ఆయన చేతికి ఎంతటి నిగ్రహం కలదో తెలిపే ప్రకరణం మరొకటి ఉన్నది. అది జలోదర చికిత్స. ఆ ప్రకరణాన్ని ఆధారంగా చేసుకొని ఆచార్యుని జీవితాన్ని పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

ఈ పరిశీలనకు ప్రేరణ బొగ్గుగనుల సీమలో కలిగింది. పూర్వం ఆదిలాబాదు జిల్లాలోను, 2016 నుండి మంచిర్యాల జిల్లాలోను ఉన్న బెల్లంపల్లి సింగరేణి సంస్థతో పెరిగిన ఊరు. అక్కడి కార్మికవాడలలో కాలేయం చెడి కడుపులో నీరు చేరిన రోగిని గూర్చి ఒక మాట వినవస్తుంది. సూదితో నీరు తీయిస్తే మనిషి దక్కడని ఆ మాట. వైద్యుడు తీయిద్దామంటాడు, ఇంటివారు భయపడి వెనుకకు తగ్గుతారు. నడుమ రోగి ఊపిరాడక బాధపడతాడు. ఈ భయానికి మూలమేమి, అందులో నిజమెంత అన్న ప్రశ్నకు సుశ్రుతసంహితలో సమాధానం కలదు.

వంశం - గురుకులం

సుశ్రుతుడు విశ్వామిత్రుని కుమారుడని సంహిత చెప్పుచున్నది. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో పేర్కొన్న విశ్వామిత్ర పుత్రులలోను ఈ పేరు కనబడుతుంది. ఈ వంశసంబంధం మన విషయానికి విశేషమైన అర్థాన్ని ఇచ్చుచున్నది. ఎట్లనగా, వైదిక వాఙ్మయంలో జలోదర ప్రస్తావన వచ్చే ప్రసిద్ధ కథలో విశ్వామిత్రుడు ముఖ్యపాత్ర వహించినాడు.

తెలుగువారికి హరిశ్చంద్రుడు గౌరన ద్విపద కావ్యం ద్వారా, నాటకాల ద్వారా సత్యసంధుడుగా పరిచితుడు. ఐతరేయ బ్రాహ్మణంలోని హరిశ్చంద్రుడు వేరు. సంతానం కోరి వరుణునికి మాట ఇచ్చి, పుట్టిన కుమారుని అర్పించకుండ ఏదో ఒక సాకుతో గడువులు పెట్టినవాడు. రోహితుడు అడవికి పారిపోగా వరుణుడు రాజును పట్టినాడు, రాజు కడుపు ఉబ్బింది. రోహితునికి బదులుగా నూరు గోవులకు కొనితెచ్చిన శునశ్శేపుని యూపానికి కట్టినప్పుడు, ఆ బాలుడు దేవతలను స్తుతింపగా ఒక్కొక్క ఋక్కుకు పాశం సడలుచు, రాజు ఉదరం కొంచెం కొంచెంగా తగ్గినదని కథ. ఆ యజ్ఞంలో హోత విశ్వామిత్రుడే. విముక్తుడైన శునశ్శేపుని ఆయన కుమారుడుగా స్వీకరించినాడు.

ఆ కథలో జలోదరం వరుణపాశం, దానికి మందు స్తుతి. విశ్వామిత్ర సుతుడుగా ప్రసిద్ధుడైన సుశ్రుతుని గ్రంథంలో అదే వ్యాధి శరీరంలోని స్రోతస్సుల దోషం, దానికి మందు శస్త్రం. ఇద్దరు విశ్వామిత్రులు ఒక్కరే అని నిరూపించడం మన పని కాదు. అయినను ఒకే నామపరంపర క్రింద ఒక వ్యాధి దైవశిక్ష నుండి వైద్యవిషయంగా మారిన తీరు గమనింపదగినది. ఋక్కు ఋక్కుకు కొంచెం కొంచెంగా తగ్గిన ఆ ఉదరాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి. మరల ఆ విషయానికి వస్తాము.

సుశ్రుతుని గురువు కాశీరాజు దివోదాసు. ఆయనను ధన్వంతరి అవతారంగా సంప్రదాయం భావించింది. రాజు ఆశ్రమంలో ఉన్న సమయంలో ఔపధేనవుడు, వైతరణుడు, ఔరభ్రుడు, పౌష్కలావతుడు, కరవీర్యుడు, గోపురరక్షితుడు మొదలైనవారితో కలిసి సుశ్రుతుడు ఆయనను ఆశ్రయించినాడు. రక్షించేవారున్నా దిక్కులేనివారివలె రోగులు విలపిస్తుంటే చూడలేక వచ్చినామని వారు విన్నవించుకొన్నారు. శల్యాంగాన్ని ముందుగా బోధించమని అర్థించినారు. అందరి పక్షాన ప్రశ్నలడిగే బాధ్యత సహాధ్యాయులు సుశ్రుతునికి అప్పగించినారు. ఆ విధంగా సంహిత అంతా గురువు చెప్పగా సుశ్రుతుడు విన్న పాఠమైనది. బాగుగా విన్నవాడు అన్న అర్థం ఆయన పేరులోనే కలదు.

అభ్యాసం

గురుకులంలో సుశ్రుతుడు పొందిన శిక్షణ కేవలం పాఠశ్రవణం కాదు. శాస్త్రం ఎంత చదివినను చేతిపని అభ్యసింపనివాడు చికిత్సకు అనర్హుడని అక్కడి నియమం. శాస్త్రం మాత్రమే తెలిసినవాడు, కర్మ మాత్రమే తెలిసినవాడు ఇద్దరును ఒంటిరెక్క పక్షులే. అందుచేత శిష్యులు గుమ్మడి, సొర, దోస వంటి కాయలపై కోత నేర్చినారు. నీటితోను బురదతోను నింపిన తోలుతిత్తులపై భేదనం నేర్చినారు. చచ్చిన పశువుల సిరలపైన, కలువ కాడలపైన వేధనం, అనగా సన్నని మొనతో పొడిచే పని నేర్చినారు. శరీరజ్ఞానానికి మృతకళేబరాన్ని పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, మెత్తబడిన తరువాత పొరపొరగా విప్పి చూచే పద్ధతి శారీరస్థానంలో వివరింపబడింది.

యంత్రాలు నూటొక్కటి, శస్త్రాలు ఇరువది అని సుశ్రుతుడు లెక్కించి, యంత్రాలన్నింటిలో చేయి ప్రధానమన్నాడు. ఇరువది శస్త్రాలలో ఒకటి వ్రీహిముఖం. వరిగింజ మొనవంటి మొన కలది కనుక దానికి ఆ పేరు. సూత్రస్థానంలో వేధనం చేయదగిన వ్యాధులను చెప్పుచు సిరలను, మూత్రవృద్ధిని, దకోదరాన్ని ఒక్కచోట చేర్చినాడు. దకోదరమన్నను జలోదరమన్నను ఒక్కటే.

వ్యాధిస్వరూపం

సుశ్రుతుని దృష్టిలో ఉదరరోగాలు ఎనిమిది. వాత, పిత్త, కఫ, సన్నిపాత జన్యములు నాలుగు, ప్లీహోదరం, బద్ధగుదం, పరిస్రావి, దకోదరం. వీనిని ఆయన ఎనిమిది మహాగదాలలో ఒకటిగా పరిగణించినాడు. ఎడమవైపు ప్లీహం పెరిగితే ప్లీహోదరమని, కుడివైపు కాలేయం చెడితే దానినే యకృద్దాల్యుదరమని చెప్పినాడు. జలోదరంలో కడుపు నీరు నిండిన తోలుతిత్తివలె కదలుచు, కంపించుచు, చప్పుడు చేయునని ఆయన వర్ణన. గురుకులంలో శిష్యుని చేతి క్రింద నీటితో నిండి ఉన్న తోలుతిత్తియే ఇక్కడ ఉపమానమైనది. అది కవి ఊహించిన పోలిక కాదు, చేతితో తాకి తెలుసుకొన్నవాని పోలిక.

స్నేహపానం, వమనం, విరేచనం, వస్తికర్మ జరిగిన వెంటనే చల్లని నీరు త్రాగుటచేత ఉదకవాహి స్రోతస్సులు దూషితమై జలోదరం పుట్టునని ఆయన చెప్పిన కారణం. నేటి వైద్యం దీనిని అంగీకరించదు. అయితే ఆయన మరొక మాట చెప్పినాడు. ఉదరరోగాలన్నియు కాలం గడిచినకొద్దీ నీటిరూపం దాల్చునని, అప్పుడు అసాధ్యములగునని. కాలేయం చెడిన రోగికి కాలక్రమంలో కడుపులో నీరు చేరుట నేడు ప్రతి ఆసుపత్రిలోను కనబడే సత్యం. కారణకల్పనలో ఆయన తన కాలానికి చెందినవాడు, పరిశీలనలో మాత్రం కాలాన్ని దాటినవాడు.

వ్రీహిముఖ ప్రయోగం

చికిత్సాస్థానం పదునాలుగవ అధ్యాయంలో నీరు తీసే విధి ఉన్నది. రోగికి వాతహరమైన తైలం పూసి, వేడినీటితో స్వేదనం చేయవలెను. ఆప్తులు రోగిని గట్టిగా పట్టుకొనవలెను. చంకల వరకు వస్త్రం చుట్టవలెను. నాభికి దిగువను, ఎడమవైపున, నూగారుకు నాలుగు అంగుళాల దూరంలో, బొటనవ్రేలి మందమంత లోతుగా వ్రీహిముఖంతో పొడవవలెను. తగరం మొదలైన లోహంతో చేసిన, రెండువైపుల ద్వారం కల గొట్టాన్ని గాని, పక్షి ఈకగొట్టాన్ని గాని అమర్చి దోషజలాన్ని వదలవలెను. పిమ్మట గొట్టం తీసి, గాయానికి నూనె, ఉప్పు రాచి కట్టుకట్టవలెను.

ఇంతవరకు ఇది నేర్పు. ఇకమీద చెప్పినది వివేకం. ఒక్కనాడే నీరంతయు తీయరాదని సుశ్రుతుడు శాసించినాడు. తొందరపడి తీసినచో దప్పి, జ్వరం, ఒళ్ళునొప్పులు, అతిసారం, ఆయాసం, దగ్గు, పాదాల మంట కలుగునని, బలం లేని రోగికి కడుపు మునుపటికంటె వేగంగా నిండునని హెచ్చరించినాడు. కనుక మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, పదునారు రాత్రులలో ఏదో ఒక వ్యవధిని పాటించి, కొంచెం కొంచెంగా తీయుమన్నాడు. నీరు తగ్గిన ఉదరాన్ని ఉన్నితో గాని, పట్టుతో గాని, తోలుతో గాని బిగించి చుట్టుమన్నాడు. ఋక్కు ఋక్కుకు తగ్గిన హరిశ్చంద్రుని ఉదరం ఇక్కడ మన స్మృతికి వచ్చుట సహజం. పాశం ఒక్కసారిగా తెగదు, సడలవలెను.

నీరు తీసినంత మాత్రాన రోగం పోయినట్లు సుశ్రుతుడు భావింపలేదు. అటుపై ఆరు మాసాలు పాలతో గాని జాంగల మాంసరసంతో గాని భోజనం, తరువాత మూడు మాసాలు సగం నీరు కలిపిన పాలు, పుల్లని పండ్ల రసం కలిసిన ఆహారం, చివరి మూడు మాసాలు లఘువైన హితాన్నం. ఈ విధంగా సంవత్సరకాలం గడిపినవాడు ఆరోగ్యవంతుడగునని చెప్పినాడు. చరకసంహితలోను ఇట్టి సంవత్సర నియమమే ఉన్నది. అందులో అదనంగా కనబడేది ఉప్పు నిషేధం. నీరు తీసిన తరువాత త్రాగే పేయలో నూనెగాని ఉప్పుగాని ఉండరాదని, చివరి మాసాలలో పాలతో తినే చామ, ఆరిక అన్నం కూడ ఉప్పు లేనిదై ఉండవలెనని చరకుడు స్పష్టంగా చెప్పినాడు. ఉదరరోగంలో ప్రాణాంతకమైన ఔషధప్రయోగానికి ముందు రోగి బంధువులను, మిత్రులను, రాజును, గురువులను పిలిచి అపాయాన్ని తెలియజేసి, వారి అనుమతి పొందవలెనని కూడ ఆయన నియమించినాడు. అశ్మరి విషయంలో సుశ్రుతుడు కూడ ఇట్లే అనుమతి కోరుమన్నాడు.

గ్రంథ ప్రస్థానం

సుశ్రుతుని కాలం విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. హోర్న్లే క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్ది వరకు తీసుకొనిపోగా, నేటి గ్రంథరూపం క్రీస్తుశకారంభ శతాబ్దాలదని పలువురి భావన. పన్నెండవ శతాబ్దికి చెందిన వ్యాఖ్యాత డల్హణుడు ఈ సంహితకు ప్రతిసంస్కర్త నాగార్జునుడని చెప్పినాడు. కృష్ణాతీరపు నాగార్జునాచార్యుడే ఆయన అని చెప్పుటకు తగిన ఆధారం కావలెను. నాగార్జునులు పలువురు. అయితే ఆంధ్రదేశంలో రోగిసేవ శాసనస్థమైన ధర్మమని చెప్పుటకు మాత్రం ఆధారాలున్నవి. కాకతి రుద్రమదేవి కాలంలో 1261లో వెలసిన మల్కాపుర శాసనం విశ్వేశ్వర శివాచార్యుల ఆధ్వర్యంలో ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు కేటాయించిన ఆదాయాన్ని పేర్కొన్నది.

ఎనిమిదవ శతాబ్ది చివర బాగ్దాదులో బర్మకీ మంత్రుల ప్రోత్సాహంతో సుశ్రుతం అరబ్బీలోకి పోయింది. యశోవర్మ కాలపు కాంబోజ శాసనంలో సుశ్రుతుని పేరు కనబడుతుంది. 878లో వ్రాసిన తాళపత్రప్రతి నేపాలులో భద్రంగా ఉన్నది. 1835-36లో మధుసూదన గుప్త కలకత్తాలో సంహితను అచ్చువేయించినాడు. ఆయనయే 1836లో కలకత్తా వైద్యకళాశాలలో మానవకళేబరాన్ని విచ్ఛేదించి చూపినవాడగుట గమనార్హం. గ్రంథాన్ని అచ్చులోకి తెచ్చిన చేయియే శస్త్రాన్ని కూడ పట్టింది.

వియన్నాలో ఒక రోగి

సుశ్రుతుని హెచ్చరిక విలువను గ్రహించుటకు ఐరోపానుండి ఒక్క ఉదాహరణ చాలును. ప్రఖ్యాత సంగీతకర్త బీథోవెన్ కాలేయవ్యాధితో జలోదరగ్రస్తుడై వియన్నాలో మంచం పట్టినాడు. 1826 డిసెంబరు 20న, 1827 జనవరి 8న, ఫిబ్రవరి 2న, ఫిబ్రవరి 27న నాలుగుసార్లు ఆయన కడుపునుండి నీరు తీసినారు. శస్త్రవైద్యుడు సైబెర్ట్, చికిత్సకుడు వావ్రుఖ్. ప్రతిసారి ఉపశమనం కలిగింది, ప్రతిసారి కడుపు మరల నిండింది. గాయం చెడినది. మార్చి 26న తన 56వ యేట ఆయన మరణించినాడు. మరునాటి శవపరీక్షలో కాలేయం సగానికి కుంచించుకొని, తోలువలె గట్టిపడి, గడ్డలు కట్టి ఉన్నట్లు కనబడింది. నీటిని తీయగలిగినారు గాని, నీరు మరల చేరకుండ ఆపే మార్గం నాటి ఐరోపా వైద్యుల చేతిలో లేదు.

నేటి వైద్యం

కాలేయం గట్టిపడినప్పుడు ద్వారసిరలో రక్తపు ఒత్తిడి పెరుగుతుంది. ఉదరావయవాల రక్తనాళాలు వ్యాకోచించుటచేత మిగిలిన శరీరానికి రక్తం చాలనట్లు మూత్రపిండాలు భ్రమించి, ఉప్పును, దానితో నీటిని పట్టి ఉంచుతాయి. ఆ నీరే కడుపులో చేరుతుంది. మద్యం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, కాలేయంలో కొవ్వు చేరుట దీనికి ముఖ్యకారణాలు. కనుక చికిత్సకు మొదటి మెట్టు కారణాన్ని తొలగించి ఉప్పును తగ్గించుట. రోజుకు రెండు గ్రాముల సోడియం, అనగా సుమారు అయిదు గ్రాముల ఉప్పు మించరాదు. రెండవ మెట్టు స్పైరనోలాక్టోన్, ఫ్యూరోసమైడ్ వంటి మూత్రవర్ధకాలు. అవి చాలనప్పుడు నీరు తీయుట. చివరి మెట్టు కాలేయ మార్పిడి.

మూత్రవర్ధకాలు వచ్చిన తరువాత ఇరువదవ శతాబ్ది మధ్యకాలంలో నీరు తీసే పద్ధతి వెనుకబడింది. 1987లో బార్సిలోనా వైద్యులు దానిని ఆల్బుమిన్‌తో జతచేసి మరల ప్రవేశపెట్టినారు. ఎక్కువ నీరు ఒక్కసారిగా తీసినప్పుడు రక్తప్రసరణ దెబ్బతిని, మూత్రపిండాలు క్షీణించి, నీరు వేగంగా మరల చేరునని వారి బృందం పరిశోధనలు తేల్చినవి. అందుచేత అయిదు లీటర్లకు మించి తీసినప్పుడు లీటరుకు ఆరునుండి ఎనిమిది గ్రాముల చొప్పున ఆల్బుమిన్ సిరలోకి ఎక్కిస్తారు. సూది గుచ్చుటకు ఎడమవైపు దిగువభాగాన్నే నేటి వైద్యులు ఎక్కువగా ఎన్నుకొంటారు.

ఇక్కడ అతిశయోక్తి తగదు. సుశ్రుతునికి సోడియం తెలియదు, ఆల్బుమిన్ తెలియదు, సూక్ష్మజీవులు తెలియవు. ఆల్బుమిన్ అండతో నేడు నీటినంతటిని ఒక్క పూటలో తీయవచ్చును కనుక ఆయన నియమం అక్షరాలా నేటికి వర్తించదు. ఆయన సూచించిన సంవత్సర పథ్యాన్ని ఇంటిలో సొంతంగా ఆచరించుట కూడ క్షేమం కాదు. కాని తొందరపాటు రోగికి హాని చేయునని, తీసిన నీరు రెట్టింపు వేగంతో తిరిగి రాగలదని, సూదికంటె తరువాతి ఆహారనియమమే ముఖ్యమని ఆయన రోగిప్రక్కన కూర్చుండి గ్రహించిన మూడు సత్యాలు నేటికిని చెల్లుచున్నవి. పాలలో సోడియం లీటరుకు సుమారు అర గ్రాము మాత్రమే. దానిలో మాంసకృత్తులు కూడ ఉన్నవి. ఉప్పు తగ్గి బలం నిలిచే ఆహారాన్ని కారణం తెలియకనే ఆయన ఎన్నుకొన్నాడు.

ఉపసంహారం

ఇప్పుడు బెల్లంపల్లి కార్మికవాడల భయాన్ని మరల పరిశీలింతము. ఆ భయం మూర్ఖత్వం కాదు. నీరు తీయించిన తరువాత కొందరు చనిపోవుట వారు కన్నులార చూచినదే. జలోదరం కనబడిన రోగులలో సుమారు నూటికి 15 మంది ఏడాదిలోను, 44 మంది అయిదేండ్లలోను మరణింతురని అమెరికా కాలేయవైద్య సంఘం మార్గదర్శకాలు తెలిపినవి. కాని వారిని తీసుకొనిపోవునది వ్యాధి, సూది కాదు. నీరు తీయుటలో ప్రమాదకరమైన రక్తస్రావం గాని ప్రేగు చిల్లుపడుట గాని వెయ్యింట ఒకటికి తక్కువ. పైగా ఆ నీటిని తీసి పరీక్షించిననే దానిలో సూక్ష్మజీవుల దోషం చేరినదో లేదో తెలియును. ఆలస్యమే అక్కడ నిజమైన అపాయం.

నీరు తీసిన ప్రతివాడు బ్రతుకునని సుశ్రుతుడు చెప్పలేదు. వ్యాధి కష్టసాధ్యమని ముందే చెప్పి, ఆ పిమ్మట చేయవలసినదంతా చేసినాడు. రోగిని పట్టుకొనుటకు ఆప్తులను పిలువుమన్నాడు గాని వారిని బయటికి పంపుమనలేదు. నేటి ఆసుపత్రిలో ఇంటివారికి ఎంత నీరు తీసెదరు, ఎందుకు తీసెదరు, తరువాత ఏమి తినవలెను, ఎప్పుడు మరల రావలెను అన్న నాలుగు మాటలు ఓపికతో చెప్పిన వైద్యుడు ఆ భయంలో సగం తొలగించినవాడగును. వరిగింజంత మొనతో మొదలైన చికిత్సను సంవత్సరకాలపు శ్రద్ధతో ముగించిన ఆచార్యుడు మనకు విడిచిన పాఠం అదియే.